నైట్ షిఫ్టు లైనులో హారన్ కొట్టరాదు

మా ఆయన పవర్ ప్లాంటులో బాయిలర్ సెక్షన్ ఫిట్టరు. ఈ ఒక్క పాపానికి, మస్కి ఊళ్లో ఉండే మా ఆడబిడ్డ అక్కడ కరెంటు పోయినప్పుడల్లా ఆయన్నే తిట్టేది. ఆమె లెక్కలో ప్లాంటు గోడకు ఎక్కడో ఒక పెద్ద స్విచ్చు ఉంటుంది. మా ఆయన డ్యూటీ దిగి ఇంటికొస్తూ అలవాటు కొద్దీ దాన్ని ఆర్పేసి వస్తాడు. మేమెప్పుడైనా వాళ్లింటికి వెళితే కంచం ముందు కూర్చోబెట్టి మరీ నిలదీసేది. "ఏందన్నా, మొన్న సీరియల్ సగంల ఉండంగ తీసేసినవ్. నా మీద ఏమన్న కోపం ఉంటే నోటితోని చెప్పరాదా?" ఆయన తలవంచుకుని అన్నం తినేవాడు. కాదు అని చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి "ఈసారి జర చూసుకుంటలే" అనడం నేర్చుకున్నాడు.

నేను పుట్టి పెరిగింది రాయచూరు పాతూరులో, గల్లీ మొత్తానికి ఒకే నల్లా ఉన్న చోట. పెళ్లయిన కొన్నేళ్లకు కృష్ణ ఒడ్డున ప్లాంటు కాలనీలో మాకు క్వార్టరు వచ్చింది. వంటింట్లో ఒక నల్లా, స్నానాల గదిలో ఒకటి, పెరట్లో ఇంకొకటి. మొదటి రోజు అన్నీ ఒకేసారి తిప్పి, అన్నింటి నుంచీ నీళ్లు రావడం చూసి అలాగే నిలబడిపోయాను. సామాను సర్దడానికి వచ్చిన మా అత్త "నీళ్లు ఒలకబొయ్యకే" అని అరిచేదాకా కట్టెయ్యాలని కూడా తోచలేదు. చుట్టుపక్కల ఎవరి భాష వాళ్లది. మా కుడివైపు ఇంటామె బాళగనూరు దగ్గర కాలువ కింద వరి పండించే కుటుంబంలోంచి వచ్చింది. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్లు. నాకంటే నాలుగేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె మామూలుగా మాట్లాడినా పొలం ఈ గట్టు మీంచి ఆ గట్టుకు కేకేసినట్టే ఉండేది.

అలాంటి ఆమె గొంతును కూడా అణిచిపెట్టిన చట్టం ఒకటి కాలనీలో ఉండేది. అది ఎక్కడా రాసి లేదు. రాత్రంతా బాయిలర్ దగ్గర నిలబడి వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు కాబట్టి, ఆ ఇంటి గొళ్లేనికి ఎర్ర గుడ్డ ముక్క కట్టేవాళ్లు. ఎర్ర గుడ్డ కనిపిస్తే తలుపు తట్టకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, ఆ ఇళ్ల లైనులో బండి హారన్ కొట్టకూడదు. కుక్కరు విజిల్ తీసి పక్కన పెట్టి, పప్పు గిన్నెలోనే ఉడకబెట్టుకునేవాళ్లం. కూరగాయల బండివాడు మా లైను మలుపు తిరగగానే నోరు మూసుకుని, ఒక చేత్తో వంకాయ, ఒక చేత్తో బెండకాయ పైకెత్తి చూపిస్తూ నడిచేవాడు. బేరమంతా వేళ్లతోనే జరిగేది. అక్క వేళ్లతో బేరమాడుతుంటే చూడాలి, రెండు చేతులూ చాలేవి కావు పాపం.

ఇలాంటి చోట నేను పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా ఫీజు కట్టాను.

ముందు ఎందుకు కట్టానో చెప్పాలి. చిన్నప్పుడు నన్ను ఏడో తరగతితో మాన్పించారు. మా గల్లీ చివరి తెలుగు బడి ఏడుతో అయిపోయేది. పై చదువు కావాలంటే ఊరికి అటుపక్క కన్నడ బడికి వెళ్లాలి. మా నాయన "ఆడపిల్లకు గీ చదువు సాలు" అన్నాడు, అంతే. పెద్ద గొడవేమీ జరగలేదు. పుస్తకాలు పక్కింటి పిల్లకు ఇచ్చేశారు. కాలనీకి వచ్చాక ఆడవాళ్ల సంఘం నడిపే బాలవాడిలో ఆయాగా చేరాను. పేరుకు ఆయాను గానీ, టీచరమ్మకు తలనొప్పి వచ్చినప్పుడల్లా పాఠం నాదే, ఆమెకేమో వారంలో నాలుగు రోజులు తలనొప్పే. ఆ టీచరమ్మ భర్తకు బదిలీ అయ్యి వేసవిలో వెళ్లిపోతున్నారని తెలిసింది. ఆ కుర్చీ నాకు కావాలి అనిపించింది. అంత గట్టిగా నాకు ఏదీ కావాలనిపించలేదు, పెళ్లిలో పట్టుచీరతో సహా. కానీ టీచరంటే పదో తరగతి పాసయి ఉండాలని సంఘం నియమం.

సంఘం కార్యదర్శి ఒక ఆఫీసరు భార్య, మైసూరు వైపు మనిషి. మెత్తగా మాట్లాడుతుంది, కానీ మాటంటే మాటే. "రిజల్టు వచ్చేవరకూ ఎవరినీ తీసుకోను. పాసైతే పోస్టు నీది. ఫెయిలైతే నన్ను అడగవద్దు" అని తనకు వచ్చిన తెలుగులో చెప్పేసింది. అంతటితో ఊరుకోలేదు. మధ్యాహ్నాలు తన ఇంటికి పిలిపించుకుని కన్నడ వ్యాకరణమూ లెక్కలూ చెప్పింది. కన్నడం నాకు కూరగాయల కన్నడం, బస్సు కన్నడం బాగా వచ్చు. పుస్తకంలో ఉన్నది వేరే ఏదో కన్నడం.

నాకున్న పెద్ద చిక్కు, పైకి గట్టిగా చదవకపోతే బుర్రకెక్కదు. ఇంట్లో చూస్తే ఎర్ర గుడ్డ. పెదవులు కదుపుతూ చదివితే సూత్రాలన్నీ పెదవుల మీదే ఆగిపోయేవి. అందుకని బాలవాడికి వెళ్లి పిల్లల ముందు చదివేదాన్ని. వాళ్లకేం తెలుసు, నేను ఏది అంటే అది అనేవాళ్లు. నెల తిరక్కుండా ఆ ముక్కు కారే పిల్లలంతా "ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్" అని రాగం తీసి పాడటం మొదలుపెట్టారు. ఒక తండ్రి భయపడిపోయి వచ్చాడు. తన కొడుక్కి ఇంకా అక్షరాలే రాలేదని, ఇదేం పాఠమని అడిగాడు. పునాది గట్టిగా వేస్తున్నానని చెప్పి పంపించాను.

ఇక బస్సు. ప్లాంటు వాళ్ల బస్సు ఒకటి పొద్దున్నే కాలనీ నుంచి రాయచూరుకు వెళ్లేది. బడి పిల్లలు, బజారుకు పోయే ఆడవాళ్లు, దవాఖానకు పోయే ముసలివాళ్లు అందరికీ అదే దిక్కు. ముందు తలుపు ఆఫీసర్ల ఇళ్లవాళ్లది, వెనక తలుపు మాది. ఇది కూడా ఎక్కడా రాసి లేదు. ముందు సీట్లలో వాళ్లు కూర్చునేవాళ్లు, ఆ సీట్లు పెద్దగా ఎగరవు. వెనక సీట్లలో మేము, మేము ఎగిరేవాళ్లం. ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లమే గానీ, మధ్యలో నిలబడ్డవాళ్లను దాటుకుని అటువాళ్లు ఇటు రావడం, ఇటువాళ్లు అటు వెళ్లడం ఉండేది కాదు.

బస్సుకు ఇంకో ఆచారం ఉంది. ముందు రోజు సాయంత్రం డ్రైవరుకు చెప్పిపెట్టినవాళ్లు ఎక్కేదాకా బండి కదలదు. ఒకసారి క్యాంటీను చూసుకునే ఆయన భార్య చీర మార్చుకుని వచ్చేలోగా వదిలేసి వెళ్లిపోయారు. వారం రోజులు క్యాంటీను టీలో చక్కెర పడలేదు. అప్పటినుంచి మనిషి లెక్క తప్పితే డ్రైవరు ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు.

మిగతా పరీక్షలన్నింటికీ డ్రైవరుకు చెప్పిపెట్టి, మామూలుగానే మా లైనులో వెనక తలుపు ఎక్కి, అక్క పక్కన ఎగురుతూ వెళ్లి రాసొచ్చాను. చివరిది లెక్కల పరీక్ష. ఆ రోజు పొద్దున లేచేసరికి బీజగణితంలో ఒక మెట్టు పూర్తిగా మాయమైపోయింది. ఎంత వెతికినా బుర్రలో లేదు. మా ఆయన నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నాడు. మా పిల్లలకు డబ్బాలు కట్టి కాలనీ బడికి పంపించాను, గొళ్లేనికి ఎర్ర గుడ్డ కట్టాను, కార్యదర్శి ఇంటికి పరుగెత్తాను. ఆమె జడ సగంలో వదిలేసి నాకు ఆ మెట్టు చెప్పింది. అది చెప్పించుకునేసరికి బస్సు వచ్చేసింది, అదీ ఆఫీసర్ల లైనుకు. "నా పక్కనే కూర్చో. దారిలో సూత్రాలు ఒప్పజెప్పు" అని చెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచి ఎక్కించింది.

అలా జీవితంలో మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాను. నిజంగానే ఎగరదు. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, సూత్రాలు మొదలుపెట్టాను.

బస్సు మా లైనుకు వచ్చి ఆగిందని నాకు తెలుసు. వెనకవాళ్లు ఎక్కుతున్నారనీ తెలుసు. ఆ రోజు బజారు రోజు కావడంతో మధ్యలో బుట్టలూ మనుషులూ నిండిపోయారు. నేను త్రికోణాల దగ్గరికి వచ్చాను. బస్సు ఇంకా ఆగే ఉంది. వృత్తాల దగ్గరికి వచ్చాను. ఇంకా ఆగే ఉంది. అప్పుడు చెవుల్లోంచి వేళ్లు తీసి ఏమైందని అడిగాను.

"హిందె యారో ఒబ్బరు బందిల్లవంతె" అంది కార్యదర్శి, వాచీ చూసుకుంటూ. వెనకాల ఎవరో ఒకరు ఇంకా రాలేదట.

కొంచెంసేపు ఓర్చుకున్నాను. నా ఓర్పు ఎప్పుడూ కొంచెంసేపే. వాచీలో ముల్లు చూశాను. పరీక్ష మొదలైన అరగంట దాటితే లోపలికి రానివ్వరు. దారిలో రైలు గేటు ఒకటుంది. బాలవాడి కుర్చీ కళ్లముందే కాళ్లొచ్చి నడిచిపోతున్నట్టనిపించింది. ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. లేచి నిలబడి వెనక్కి తిరిగి, ఎర్ర గుడ్డలన్నీ మర్చిపోయి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఎవరే ఆ మహారాణి? ఇంకా పౌడరే పూస్కుంటున్నదా? బండిల పరీక్షకు పొయ్యేటోళ్లున్నరని గ్యానం గిట్ల ఉన్నదా ఆమెకు? వదిలేసి పోనియ్యండి, నడిచొస్తది!"

బస్సులో తలలన్నీ నా వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మా ఇంటి వైపు నుంచి అక్క వస్తోంది. తర్వాత తెలిసింది, ఆమె అప్పటిదాకా మా కిటికీ దగ్గర నిలబడి నన్ను పిలుస్తూ ఉందట. గొళ్లేనికి ఎర్ర గుడ్డ ఉంది కాబట్టి తలుపు తట్టలేదు. పొలం గట్ల మీద కేకలేసే మనిషి, గుసగుసగా, కిటికీ ఊచలకు నోరు ఆనించి, "అమ్మాయ్, పరీక్షే, లేవవే" అని బతిమాలుతూ ఉందట. బాత్రూమ్‌లో జారి పడ్డానేమోనని పెరటివైపు కూడా వెళ్లి చూసిందట. డ్రైవరు కూడా హారన్ కొట్టలేక, ఎడమ చేత్తో నుదురు కొట్టుకుంటూ కూర్చున్నాడట.

అక్క బయటి నుంచే, బస్సు ముందు అద్దంలోంచి నన్ను చూసింది. ఆమె మొహం నేనిప్పటికీ మర్చిపోలేదు.

"నీ దుంప తెగ!" అంది. "ఆ మహారాణివి నువ్వేనే! నీకోసమేగా ఇంతసేపూ ఆపింది! నువ్వెళ్లి అక్కడ కూర్చుంటే మాకెలా తెలుస్తుందే?"

వెనక సీట్లలోంచి నవ్వు మొదలై ముందు సీట్లదాకా వచ్చింది. మా వాళ్లు ఎవరూ ముందు సీట్లవైపు చూడనే లేదు, డ్రైవరు చూసుకున్నది కూడా వెనక తలుపు లెక్కే. అక్కడ నేనుంటానని ఎవరికి తోస్తుంది? డ్రైవరు నా వైపు తిరిగి చేతులు జోడించి, తన ఉర్దూ కలిసిన తెలుగులో అడిగాడు. "ఏందమ్మా, మీకోసమే బండి రోకినా, మీరే నా మీద గరం అయితున్రు! ఇప్పుడు పోవాల్నా, ఇంకా ఎవరికోసమన్న చూడాల్నా?"

సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఇది చాలదన్నట్టు నా అరుపుకు మా ఇంటి తలుపు తెరుచుకుంది. మా ఆయన లుంగీ మీద, జుట్టు నిక్కబొడుచుకుని వాకిట్లోకి వచ్చాడు. ఆయనొక్కడే కాదు, ఎర్ర గుడ్డ ఉన్న ప్రతి తలుపూ తెరుచుకుంది. "ఏమైంది? ఎవరన్న పడ్డరా?" అని మా ఆయన అడుగుతున్నాడు. కిటికీలోంచి చెయ్యి ఊపి "ఏం గాలేదు, పోయి పండుకో!" అన్నాను. బస్సు కదిలింది.

రైలు గేటు వేసి ఉంది. రావాల్సింది ఏ ప్యాసింజరో అయితే ఒక్క నిమిషంలో పోయేది. వచ్చింది బొగ్గు రైలు, మా ప్లాంటుదే. ఒక్కో వ్యాగనూ నింపాదిగా, పెళ్లికి నడిచిపోతున్నట్టు పోతోంది. వెనకాల నుంచి ఎవరో "మన బొగ్గే కదమ్మా, తిట్టొద్దు" అన్నారు. మామూలు రోజైతే నేనే అనేదాన్ని ఆ మాట. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఇంతసేపూ నవ్వినవాళ్లు కూడా నా మొహం చూసి నవ్వడం మానేశారు. నావల్లే ఆలస్యమైంది, ఎవరినీ తిట్టే దారి కూడా లేదు. కళ్లనీళ్లు వచ్చేశాయి. అక్క బుట్టలనూ మనుషులనూ తోసుకుంటూ వెనక నుంచి ముందుకొచ్చి, కార్యదర్శిని "కాస్త జరగండమ్మా" అని జరిపి, మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. తన కొంగుతో నా ముక్కు తుడిచింది. కార్యదర్శి కిటికీ వైపు ఇంకాస్త జరిగింది. పుస్తకం తెరిచి, "సరే, శంకువు ఘనపరిమాణం చెప్పు" అంది.

గేటు లేచాక డ్రైవరు బజారు వైపు తిప్పలేదు. బడి ఉన్న సన్నటి వీధిలోకి అంత పెద్ద బస్సును దూర్చాడు. దవాఖానకు పోవాల్సిన ముసలాయన కూడా ఇదేమిటని అడగలేదు. బడి గేటు దగ్గర వాచ్‌మన్ నాకు అడ్డం నిలబడ్డాడు.

"తల్లిదండ్రులు బైటనే ఉండాలె."

నేను నోరు తెరిచేలోగా బస్సు ప్రతి కిటికీలోంచీ ఒక తల బయటికొచ్చింది. ముందు సీట్లవాళ్లు కన్నడంలో, వెనక సీట్లవాళ్లు తెలుగులో, డ్రైవరు ఉర్దూలో, అంతా కలిసి ఒకటే మాట. "పరీక్ష రాసేది ఆమెనే!" అక్క గొంతు వేరేగా వినిపించింది. "నువ్వు తప్పుకుంటావా, నన్ను దిగమంటావా?" వాచ్‌మన్ తప్పుకున్నాడు.

గదిలోకి అడుగు పెట్టగానే పిల్లలందరూ పెన్నులు వదిలేసి లేచి నిలబడ్డారు. కొత్త మేడమ్ తనిఖీకి వచ్చిందనుకున్నారు. "కూర్చోండి" అనేశాను, బాలవాడి అలవాటు. అసలు మేడమ్ నన్ను ఎగాదిగా చూసి ప్రశ్నపత్రం ఇచ్చింది. పొద్దున మాయమైన మెట్టు మీద ఒక లెక్క ఉంది. దాన్ని ముందు రాశాను. చివరి లెక్క దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టేశారు, అందులో సగమే అయింది.

పాసయ్యానో లేదో ఇక్కడే చెప్పేస్తాను. పాసయ్యాను, లెక్కల్లో అంచు మీద. బాలవాడి కుర్చీలో కూర్చున్నాను, ప్లాంటు సైరన్ మోగినప్పుడల్లా పిల్లల్ని సముదాయిస్తూ చాలా ఏళ్లు కూర్చున్నాను. మా ఆడబిడ్డ "మా అన్న కరెంటు తీస్తడు, మా వదిన పాఠం చెప్తది" అని మస్కి అంతా చాటింపు వేసింది. కానీ ఆ రోజంటే నాకు ఇదేదీ గుర్తు రాదు. పరీక్ష రాసి బయటికొచ్చినప్పటి సంగతి గుర్తొస్తుంది.

గేటు బయట ఎండలో తండ్రులు నిలబడ్డారు. ఒకాయన చేతిలో మంచినీళ్ల సీసా, ఒకాయన చేతిలో గొడుగు, ఎవరి పిల్ల కోసం వాళ్లు. వాళ్ల మధ్యలో మా ఆయన ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కళ్లు చింత నిప్పుల్లా ఉన్నాయి. నా అరుపుతో లేచినవాడు మళ్లీ పడుకోలేదట. ఏదో సిమెంటు లారీ పట్టుకుని వచ్చి, అప్పటినుంచి గోడకు ఆనుకుని నిలబడే తూగుతున్నాడట. చేతిలో నిమ్మ సోడా, అది ఎప్పుడో వేడెక్కిపోయింది. పక్కనున్నాయన "మీ పాపది ఏ బెంచీ?" అని అడిగితే, "పాప కాదు, మా ఇంటామె. లెక్కలు రాస్తున్నది" అని గర్వంగా చెప్పడం నా చెవినే పడింది.

నన్ను చూసి సోడా అందించాడు. "అన్నీ రాసినవా?"

"ఒకటి సగమే అయింది. పోయినట్టే అనుకుంట."

"పోతే పోనీ తియ్యి. పాస్ గాకపోతే మళ్ల రాస్తవ్. నేను మళ్ల వస్త."

అంత మామూలుగా అన్నాడు, సాయంత్రం కూరేమిటి అన్నట్టు. ఏడో తరగతిలో నా పుస్తకాలు పక్కింటికి పోయిన రోజున, మళ్లీ చదువుతావులే అని ఇంట్లో ఎవరైనా అంటారేమోనని గడప మీద చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ అనలేదు. అప్పుడు రాని ఏడుపంతా అక్కడ, ఆ బడి గేటు ముందు, సోడా చేతిలో పట్టుకుని ఏడ్చాను. మా ఆయన కంగారుపడి "అంత పాడుగ రాసినవా?" అని ఒకటే అడగడం. నా ముందు బెంచీలో కూర్చున్న రెండు జడల పిల్ల దగ్గరికొచ్చి, "ఏడవొద్దక్కా, పేపరు అందరికి కష్టమే వచ్చింది" అని నా భుజం తట్టింది. పేపరు కోసం కాదమ్మా అని చెప్పబోయి, ఆ వేడి సోడా ఒక గుక్క తాగి, సీసా ఆ పిల్లకు అందించాను.